పెద్దబడి అవును, చిన్నబడి అవును

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు మన సంఘం కార్యదర్శి గారు ఒక మాట అన్నారు. బడి జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారట, నన్ను మాత్రం నా వృత్తికి సంబంధించిన చరిత్ర ఏదైనా రాయమన్నారు. నా వృత్తి కంప్యూటర్లు. నేను ఎంచుకున్న విషయం చూడ్డానికి చాలా చిన్నది. యూనిక్స్ కంప్యూటరు ఆన్ చేయగానే తనంతట తాను నడిపించుకునే ఆదేశాల పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని స్టార్టప్ స్క్రిప్టు అంటాం. అందులో "ఈ పని చెయ్యాలా?" అన్నదానికి మనిషి "యెస్" అని రాసిపెడతాడు. ఆ యెస్‌ని పెద్ద అక్షరాల్లో రాసినా, చిన్న అక్షరాల్లో రాసినా యంత్రం ఒకేలా తీసుకోవడం ఎలా నేర్చుకుంది అన్నదే ఈ వ్యాసం.

ఇందులో చరిత్ర ఏముంది అనిపించవచ్చు. దాదాపు నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మన బడి కాపీ పుస్తకానికీ, మన ఊరి టెలెక్సు గదికీ చోటుంది. నేను చేసిన తప్పు ఒకటి కూడా ఉంది. అది రాయడానికే ఈ విషయం ఎంచుకున్నానని చివరికి మీకే తెలుస్తుంది.

నాలుగు బడులు

మనకు ఇంగ్లీషు మొదలైన ఏడాది గుర్తుందా? నాలుగు గీతల కాపీ పుస్తకం కొనుక్కుని, ఒకే అక్షరాన్ని నాలుగు రకాలుగా రాయడం నేర్చుకున్నాం. అచ్చు అక్షరాల్లో పెద్దబడి, చిన్నబడి. మళ్ళీ కలిపి రాతలో పెద్దబడి, చిన్నబడి. అప్పటిదాకా అ అంటే అ ఒక్కటే. యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ నేర్చుకుని, ఇక అక్షరాల పని అయిపోయిందనుకున్న మాకు, ఇరవై ఆరే ఉన్న భాషలో ఒక్కొక్కటీ నాలుగు వేషాలు వేయడం వింతగా తోచింది. "రెండూ ఒకటే అయినప్పుడు రెండెందుకండీ?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు. మాస్టారు నవ్వి, "ఒకటే, కానీ ఒకటి కాదు" అన్నారు. ఆ జవాబు నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

తెలుగు లిపిలో ఈ తేడా లేదు. మనిషి పేరైనా, ఊరి పేరైనా, వాక్యం మొదలైనా అక్షరం మారదు. దేవనాగరికీ, తమిళానికీ, అరబిక్‌కూ కూడా లేదు. లాటిన్, గ్రీకు, రష్యన్ వంటి కొన్ని లిపులకే ఉంది. అందువల్ల ఈ వ్యాసంలో ఒక ఇబ్బంది ఉంది. యంత్రం వేరువేరుగా చూసే రెండు యెస్‌లను నేను తెలుగులో రాసి చూపించలేను. రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి "పెద్దబడి యెస్", "చిన్నబడి యెస్" అని మాటల్లోనే చెబుతాను.

ఇంగ్లీషులో ఈ తేడాకు "కేస్" అని పేరు రావడానికి కారణం అచ్చాపీసు. సీసపు అక్షరాలను గళ్ళు గళ్ళుగా ఉన్న చెక్క అరల్లో పెట్టుకునేవారు. ఆ అరను కేస్ అనేవారు. పెద్ద అక్షరాల అర పైన, చిన్న అక్షరాల అర కింద ఏటవాలుగా ఉండేవి. అలా అప్పర్ కేస్, లోయర్ కేస్ అన్న మాటలు స్థిరపడ్డాయి. మన తెలుగు అచ్చాపీసుల్లో కూడా బోలెడు అరలు ఉండేవి. కానీ వాటిలో ఉన్నవి గుణింతాలు, ఒత్తులు.

చిన్న అక్షరానికి చోటు లేని తీగ

తంతి వచ్చాక అక్షరాల లెక్క మారింది. మోర్స్ కోడులో అక్షరానికి చుక్కలు, గీతలు ఉంటాయి గానీ పెద్దా చిన్నా ఉండదు. 1870లలో ఫ్రాన్సులో ఎమీల్ బోడో ఒక్కొక్క అక్షరాన్ని ఐదు సంకేతాలతో పంపే పద్ధతి తయారు చేశాడు. ఒక్కో సంకేతం ఉంటుంది, లేదా ఉండదు. ఐదింటితో రెండును ఐదుసార్లు హెచ్చిస్తే 32. ఇరవై ఆరు అక్షరాలు, ఇంకొన్ని గుర్తులకు అది చాలు. అంకెలు కావాలంటే ముందుగా "ఇక్కణ్ణుంచి అంకెలు" అని ఒక సంకేతం పంపి, అవే 32 గళ్ళను రెండోసారి వాడుకునేవారు. చిన్న అక్షరాలకు మాత్రం చోటు మిగల్లేదు. తర్వాత వచ్చిన టెలిప్రింటరు, టెలెక్సు ఈ ఐదు సంకేతాల దారిలోనే నడిచాయి. అందుకే మన ఇళ్ళకు వచ్చిన టెలిగ్రాముల్లో ఇంగ్లీషు అంతా పెద్ద అక్షరాల్లోనే ఉండేది. ఆ అక్షరాలు చూస్తేనే ఇంట్లోవాళ్ళకు గుండె దడ. 2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ఆగిపోయేదాకా ఆ జ్ఞాపకం చాలామందికి అలాగే ఉంది.

మనది ఓడరేవు ఊరు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ వచ్చి ఆగడంతో మన హార్బరు పని మొదలైంది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. రేవు అంటే ఓడ ఎప్పుడు వస్తుంది, ఎంత సరుకు దించాలి, ఏ బెర్తు అన్న కబుర్లతోనే బతుకుతుంది. మనం బడికి వెళ్ళే రోజుల్లో ఆ కబుర్లన్నీ టెలెక్సు మీదే. షిప్పింగ్ ఏజెంట్ల ఆఫీసుల్లో ఆ యంత్రం పక్కన ఒక ఆపరేటరు కూర్చునేవారు. పాతిక ముప్పై ఏళ్ళు ఆ కీబోర్డు మీద పనిచేసిన చేతికి చిన్న అక్షరం అనేదే తెలియదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

యూనిక్స్ చిన్నబడిలో ఎందుకు చేరింది

అమెరికాలో కంప్యూటర్ల కోసం ఆస్కీ అనే సంకేత పట్టిక 1963లో వచ్చింది. ఇందులో ఏడు సంకేతాలు, అంటే 128 గళ్ళు. అయినా మొదటి పట్టికలో చిన్న అక్షరాలు లేవు. 1967 సవరణతో అవి స్థిరపడ్డాయి. పెద్ద ఏ సంఖ్య 65, చిన్న ఏ సంఖ్య 97. బి నుంచి జెడ్ దాకా ఎక్కడ చూసినా తేడా సరిగ్గా 32. అంటే ఏడు సంకేతాల్లో ఒక్కటి మారిస్తే పెద్దది చిన్నదవుతుంది. దీన్ని ఆలోచించే అలా పేర్చారు. కానీ ఆ ఒక్క సంకేతం తేడా వల్లే యంత్రం కంటికి అవి రెండు వేరు అక్షరాలు. మాస్టారు చెప్పిన "ఒకటే, కానీ ఒకటి కాదు" అంటే ఇదే.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. అప్పటి ముఖ్య సాధనం టెలిటైప్ మోడల్ 33. సెకనుకు పది అక్షరాలు కొట్టే ఆ యంత్రంలో పెద్ద అక్షరాలే ఉండేవి. తర్వాత వాళ్ళకు దొరికిన మోడల్ 37లో చిన్న అక్షరాలు కూడా వచ్చాయి. యూనిక్స్ వాళ్ళు ఆదేశాలన్నీ చిన్నబడిలో పెట్టుకున్నారు. పెద్దా చిన్నా వేరు అని కూడా తేల్చారు. ఒకే పేరును పెద్దబడిలోనూ చిన్నబడిలోనూ రాస్తే రెండు వేరువేరు ఫైళ్ళు. ఆ తర్వాత వచ్చిన డాస్ వంటివి ఈ తేడాను పట్టించుకోలేదు. యూనిక్స్ మాత్రం పట్టుబట్టి నిలబెట్టింది. అక్షరాన్ని మార్చకుండా ఉన్నది ఉన్నట్టు పోల్చడం సులువు, నమ్మకం.

మరి పెద్ద అక్షరాలే ఉన్న పాత టెర్మినల్ ముందు కూర్చున్నవాడి గతి ఏమిటి? దానికీ ఒక దారి పెట్టారు. లాగిన్ పేరు అడిగే గెట్టీ అనే ప్రోగ్రాం ఉంది. ఎవరైనా తన పేరును మొత్తం పెద్ద అక్షరాల్లో కొడితే, పాపం ఇతని దగ్గర చిన్న అక్షరాలు లేవనుకుని, అక్కణ్ణుంచి అతను కొట్టిన ప్రతి పెద్ద అక్షరాన్నీ చిన్నదిగా మార్చి లోపలికి పంపేది. నిజంగా పెద్ద అక్షరమే కావాలంటే ముందు ఏటవాలు గీత ఒకటి కొట్టాలి. 1990లలో యూనిక్స్ మీద పనిచేసిన మావాళ్ళకు ఇది బాగా తెలుసు. క్యాప్స్ లాక్ నొక్కి ఉన్న సంగతి చూసుకోకుండా లాగిన్ అయితే తెర మొత్తం పెద్ద అక్షరాలతో నిండిపోయేది. "మిషను అరుస్తోంది" అని నవ్వుకునేవాళ్ళం.

ఆర్‌సీ అనే ఫైలు

యంత్రం లేవగానే ఏమేం చెయ్యాలో చెప్పే ఫైలుకు యూనిక్స్‌లో మొదటినుంచీ ఆర్‌సీ అని పేరు. తొలిరోజుల్లో అది కొన్ని లైన్ల పట్టిక మాత్రమే. డిస్కు సరిచూడు, తాత్కాలిక ఫైళ్ళు తుడువు, గడియారం చూసి పనులు చేసే ప్రోగ్రాంను నడుపు, అంతే. ఏదైనా వద్దంటే ఆ లైను తీసేసేవారు.

1979లో వచ్చిన ఏడో వెర్షన్ యూనిక్స్‌తో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ వచ్చింది. షెల్ అంటే మనం కొట్టిన ఆదేశాన్ని చదివి నడిపేది. బోర్న్ అంతకుముందు ఆల్గాల్ 68 అనే భాష మీద పనిచేసినవాడు. ఆ భాషలో వాక్యం మొదలుపెట్టిన మాటనే తిరగేసి రాస్తే ముగింపు. అందుకే ఈ షెల్‌లో "ఇఫ్" అని మొదలైతే "ఫై" అని ముగుస్తుంది, "కేస్" అని మొదలైతే "ఎసాక్" అని ముగుస్తుంది. "డూ"కి మాత్రం తిరగేసిన "ఓడీ" కుదరలేదు. ఆ పేరుతో అప్పటికే ఒక ఆదేశం ఉంది. అందుకని "డన్" అని పెట్టారు.

ఈ "కేస్" పేరుకూ అచ్చాపీసు కేస్‌కూ సంబంధం లేదు. "ఈ సందర్భంలో ఇది, ఆ సందర్భంలో అది" అని విడదీసి చూడడం దాని పని. కానీ ఇందులో ఒక గొప్ప సౌకర్యం ఉంది. పోల్చేటప్పుడు ఒక అక్షరం బదులు చదరపు బ్రాకెట్టులో రెండు పెట్టి, ఈ రెండింట్లో ఏదైనా సరే అనవచ్చు. దాన్ని ఇలా ఊహించుకోండి:

[పెద్ద వై, చిన్న వై] [పెద్ద ఈ, చిన్న ఈ] [పెద్ద ఎస్, చిన్న ఎస్]

మూడు గళ్ళు, ఒక్కో గడిలో రెండు దారులు. మొత్తం ఎనిమిది రకాల యెస్‌లు దీనిలో పడతాయి. 1979 నుంచీ ఈ సాధనం అందరి చేతిలో ఉంది. దాన్ని స్టార్టప్ స్క్రిప్టుల్లో పద్ధతిగా వాడడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

ఈలోగా యూనిక్స్ రెండు దారుల్లో చీలింది. ఏటీ అండ్ టీ వారి సిస్టం ఫైవ్‌లో ఒక్కొక్క పనికీ ఒక్కొక్క ఫైలు. ఫైలు పేరు పెద్ద ఎస్‌తో మొదలైతే మొదలుపెట్టమని, పెద్ద కే‌తో మొదలైతే ఆపమని అర్థం. ఏదైనా పని తాత్కాలికంగా వద్దనుకుంటే మేము ఆ పెద్ద ఎస్‌ని చిన్న ఎస్ చేసేవాళ్ళం. యంత్రం దాన్ని చూసీ చూడనట్టు వదిలేసేది. అక్కడ పెద్దా చిన్నా తేడాయే స్విచ్చు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ వారి దారిలో వచ్చిన బీఎస్‌డీలలో మాత్రం ఒకే పొడవాటి స్క్రిప్టు ఉండేది. దాన్ని జనం చేతులతో మార్చి పాడుచేస్తున్నారని, మార్చదగ్గ సంగతులన్నీ వేరే సెట్టింగుల ఫైలులో పెట్టారు. ఫ్రీబీఎస్‌డీలో దాని పేరు ఆర్‌సీ డాట్ కాన్ఫ్. ఇందులో ఒక్కో లైను ఒక ప్రశ్న, ఒక జవాబు. ఈ సేవ కావాలా? యెస్ లేదా నో. మొదట్లో స్క్రిప్టు ఆ జవాబును పెద్దబడి యెస్‌తో ఉన్నది ఉన్నట్టు పోల్చేది. చిన్నబడిలో రాస్తే అది యెస్ కాదు. యెస్ కాకపోతే నో. ఎర్రర్ రాదు. ఒక్క మాట కూడా చెప్పదు.

నా స్క్రిప్టు

ఇక నా సంగతి. 1996లో రేవు మీద ఆధారపడిన ఒక గోదాముల కార్యాలయంలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. ఒక ఎస్‌సీఓ యూనిక్స్ యంత్రం, దానికి ఎనిమిది టెర్మినళ్ళు, ఒక టేపు డ్రైవు. రోజూ పొద్దున్న యంత్రం ఆన్ చేయగానే, ఎవరూ పనిలోకి దిగకముందే, నిన్నటి లెక్కలను టేపు మీదకు కాపీ చేసే స్టార్టప్ స్క్రిప్టు నేనే రాశాను. నెలాఖరు సరుకు తనిఖీ రోజుల్లో పొద్దున్నే యంత్రం కావాలి కాబట్టి, కాపీ కావాలా వద్దా అని అడిగే చిన్న మెనూ కూడా రాశాను. అక్కడ ఏం కొడితే అది సెట్టింగు ఫైలులోకి వెళ్తుంది. స్టార్టప్ స్క్రిప్టు దాన్ని చదివి, చిన్నబడి యెస్ అయితే కాపీ చేస్తుంది. కాకపోతే ముందుకు పోతుంది.

ఆ కార్యాలయంలో ఒక పెద్దాయన ఉండేవారు. అందరం గురువు గారూ అని పిలిచేవాళ్ళం. అంతకుముందు పాతికేళ్ళు టెలెక్సు ఆపరేటరు. టెలెక్సు పోయాక కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టారు. నేర్చుకోవడంలో ఆయనకు నామోషీ ఉండేది కాదు. ఏ అనుమానం వచ్చినా "బాబూ, ఓసారి ఇలా రా" అని పిలిచేవారు. ఒక నెలాఖరు తనిఖీ అయ్యాక, వేరేవాళ్ళు లాగిన్ చేసి ఉంచిన టెర్మినల్ దగ్గర ఆయన మెనూ తెరిచి, కాపీ మళ్ళీ కావాలని యెస్ కొట్టారు. టెలెక్సు చేయి. క్యాప్స్ లాక్ నొక్కి, మూడూ పెద్ద అక్షరాలు.

పంతొమ్మిది రోజులు టేపు కదల్లేదు. ఎవరికీ తెలియలేదు. ఇరవయ్యో రోజున డిస్కు పోయింది. పంతొమ్మిది రోజుల రసీదులు, గేటు పాసులు, లారీ చీటీలు మళ్ళీ ముందేసుకుని, నాలుగు రాత్రులు ఆరుగురం కూర్చుని కొట్టాం. విచారణ అన్నారు. సెట్టింగు ఫైలు చివరగా మార్చింది ఎవరో తేలింది. "నిర్ణీత పద్ధతి పాటించలేదు" అని ఆయనకు మెమో ఇచ్చారు. రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళు కూడా లేని మనిషి.

ఆయన ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకొచ్చారు. "అవుననే కొట్టాను గదా బాబూ. పెద్దచ్చరాల్లో కొడితే కాదని ఎలా అనుకుంటాది?" అన్నారు. కోపంగా కాదు. నిజంగా అర్థంకాక అడిగారు. యూనిక్స్‌లో పెద్దా చిన్నా వేరండీ అని నేను పాఠం చెప్పాను. చెప్పింది నిజమే. కానీ ఆ మెమో మీద ఉండాల్సిన పేరు నాదని నాకు అప్పుడే తెలుసు. మెనూలో తప్పు జవాబును ఆపాల్సింది నేను. స్క్రిప్టులో రెండు రకాల అక్షరాలనూ ఒప్పుకోవాల్సింది నేను. ఏమీ అర్థం కాకపోతే నోరు విప్పేలా రాయాల్సింది నేను. నాకు ఇరవై ఏడేళ్ళు, ఉద్యోగం కొత్త. నోరు విప్పలేదు.

ఇందులో ఇంకొక వింత ఉంది. ఆ రోజు ఆయన తనే పెద్ద అక్షరాలతో లాగిన్ అయి ఉంటే, ఇందాక చెప్పిన గెట్టీ ఆయన పెద్ద యెస్‌ని చిన్న యెస్‌గా మార్చి పంపేది. కాపీ సజావుగా జరిగేది. పాత టెలిటైపు మనుషుల కోసం బెల్ ల్యాబ్స్ వాళ్ళు ఎప్పుడో పెట్టిన దయ అది. నా స్క్రిప్టులో అంతమాత్రం దయ కూడా లేదు.

ముప్పైకి ఒకటి తక్కువ యెస్‌లు

నాలాంటి తప్పు చేసినవాళ్ళు ప్రపంచమంతా ఉండి ఉంటారు. 2000 సంవత్సరానికల్లా ఫ్రీబీఎస్‌డీ నాలుగో వెర్షన్ స్టార్టప్ స్క్రిప్టుల్లో పాత పోలికలు పోయి, ఆ బ్రాకెట్టుల కేస్ వచ్చి చేరింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన నెట్‌బీఎస్‌డీ 1.5 ఇంకో అడుగు వేసింది. ల్యూక్ మ్యూబర్న్, ఆయన తోటివాళ్ళు స్టార్టప్ పద్ధతినంతా తిరగరాసి, స్క్రిప్టులన్నీ ఉమ్మడిగా వాడుకునే భాగాలను ఒకచోట పెట్టారు. అందులో ఒకదాని పేరు చెక్‌యెస్‌నో. 2003 జనవరిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 5.0 కూడా దాన్ని తీసుకుంది.

దానికి మూడు గదులు. మొదటి గదిలో యెస్, ట్రూ, ఆన్, 1. ఏ అక్షరం పెద్దదైనా, ఏది చిన్నదైనా సరే. లెక్కేస్తే 8, 16, 4, 1 కలిపి 29 రకాల అవునులు. రెండో గదిలో నో, ఫాల్స్, ఆఫ్, 0. అవి 4, 32, 8, 1 కలిపి 45 రకాల కాదులు. ఈ రెండింటిలోనూ పడనిది ఏదైనా మూడో గదికి పోతుంది. అక్కడ యంత్రం "ఫలానా సెట్టింగు సరిగ్గా లేదు" అని ఆ సెట్టింగు పేరు పెట్టి మరీ హెచ్చరిస్తుంది. తర్వాత కాదు అనే అనుకుంటుంది. కానీ చెప్పి అనుకుంటుంది. నా స్క్రిప్టులో లేనిది ఆ మూడో గదే.

ఇంత తిరుగుడు ఎందుకు, జవాబును ముందే చిన్నబడిలోకి మార్చేస్తే పోదా అని ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలు అడుగుతారు. మార్చే ఆదేశం ఉంది, దాని పేరు టీఆర్. కానీ అది ఉండేది యూఎస్ఆర్ అనే విభాగంలో. చాలా యంత్రాల్లో ఆ విభాగం వేరే డిస్కు మీదో, నెట్‌వర్కు అవతలో ఉండేది. స్టార్టప్ స్క్రిప్టు మొదట్లో ఆ విభాగం ఇంకా అతికి ఉండదు. దాన్ని అతికించడమే ఆ స్క్రిప్టు పనుల్లో ఒకటి. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తాళం వేసినట్టు. కేస్ అయితే షెల్ లోపలే ఉంది, బయటి సాయం అక్కర్లేదు. పైగా బయటి ప్రోగ్రాం పిలిచిన ప్రతిసారీ కొంత సమయం పోతుంది. బాష్ అనే షెల్‌కు అక్షరాలు మార్చే సౌకర్యం లోపలే వచ్చింది 2009లో, నాలుగో వెర్షన్‌తో.

మార్చడంలో మరో చిక్కు భాషలది. టర్కీ భాషలో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ వేరువేరు అక్షరాలు. ఆ భాష సెట్ చేసి ఉన్న యంత్రంలో పెద్దబడి వైజాగ్‌ను చిన్నబడిలోకి మారిస్తే చుక్క లేని ఐతో మన ఊరు కాని ఊరు తయారవుతుంది. బ్రాకెట్టులో రెండు అక్షరాలూ చేత్తో రాసిన పద్ధతిలో ఈ బాధ లేదు.

లైనక్స్ వైపు ఒక్కొక్కరిదీ ఒక్కో అలవాటుగా నడిచింది. కొన్ని స్క్రిప్టులు చాలాకాలం చిన్నబడి యెస్, నోలతోనే నేరుగా పోల్చాయి. తర్వాత రెడ్‌హ్యాట్ కుటుంబం స్క్రిప్టుల్లో కూడా బ్రాకెట్టులతో నిజమా అబద్ధమా తేల్చే భాగం వచ్చింది. 2010లో మొదలైన సిస్టమ్‌డీ ఈ స్టార్టప్ స్క్రిప్టుల కాలాన్నే చాలావరకు ముగించింది. అయినా యెస్‌ని ఏ బడిలో రాసినా ఒప్పుకునే మర్యాద మాత్రం దానికీ వచ్చింది.

దయకూ హద్దుంది

అంతా ఒప్పుకుంటూ పోతే ఏమవుతుందో కూడా చరిత్ర చూపించింది. యామల్ అనే సెట్టింగుల భాష పాత వెర్షన్‌లో, నో అన్న మాట ఎక్కడ కనిపించినా అది కాదు అని అర్థం తీసుకునేది. పెద్దబడిలో రాసినా సరే. నార్వే దేశానికి అంతర్జాతీయ రెండక్షరాల గుర్తు పెద్ద ఎన్, పెద్ద ఓ. దేశాల పట్టికలో నార్వే రాస్తే, యంత్రం దాన్ని దేశం కాదనుకుని అబద్ధం అన్న విలువగా మార్చేది. రేవు ఊరివాళ్ళకు దీని బరువు వేరే చెప్పనక్కర్లేదు. ఓడ ఏ దేశానిది అన్న గడిలో అబద్ధం అని పడితే ఎలా ఉంటుంది? 2009లో వచ్చిన 1.2 వెర్షన్ ఆ మాటలను తగ్గించి, ట్రూ, ఫాల్స్‌లకే పరిమితం చేసింది.

చెక్‌యెస్‌నోకు ఈ జబ్బు లేదు. ఎందుకంటే అవును కాదు అన్న ప్రశ్న ముందే అడిగిన చోట మాత్రమే దాన్ని పిలుస్తారు. ప్రశ్న ఏమిటో తెలిసినప్పుడు రాతలో తేడాను మన్నించవచ్చు. ప్రశ్న తెలియకుండా అర్థం ఊహించకూడదు. అలాగే అర్థం కానప్పుడు ఎటు ఒరగాలి అన్నది కూడా పనిని బట్టి ఉంటుంది. బయటివాళ్ళకు తలుపు తెరిచే సేవ అయితే అనుమానం వచ్చినప్పుడు మూసి ఉంచడమే క్షేమం. లెక్కల కాపీ అయితే అనుమానం వచ్చినప్పుడు చేసేయడమే క్షేమం. ఒక టేపు దండగైతే పోయేదేమీ లేదు.

ఎర్ర సున్న

గురువు గారి రిటైర్మెంటు రోజున, దండలు వేసి ఫోటోలు తీశాక, ఆయన్ని పక్కకు పిలిచి చెప్పాను. తప్పు నా స్క్రిప్టుదని, ఆ రోజే చెప్పాల్సిందని. ఆయన కాసేపు చూసి, "మా టెలెక్సుకి చిన్నచ్చరం లేదు బాబూ, నా చేతికీ లేదు. నీకు తెలుసు గదా, ఆ రోజు ఆ మాట చెప్పుంటే సరిపోను" అన్నారు. మెమో ఆయన ఫైలులో అలాగే ఉండిపోయింది. దాన్ని తీయించడానికి అప్పటికి ఆలస్యమైంది. ఆ తర్వాత నేను రాసిన ప్రతి స్క్రిప్టులోనూ మూడో గది ఉంది. నా కింద పనిచేసే పిల్లలు రాసినవి చూసేటప్పుడు మొదట వెతికేది అదే. ఏమీ అర్థం కానప్పుడు ఇది ఏం చేస్తుంది, ఎవరికి చెబుతుంది?

ఈ పాఠం నాకు కంప్యూటరు నేర్పిందనుకునేవాణ్ణి. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాక మా ఇంగ్లీషు మాస్టారు దిద్దిన కాపీ పుస్తకాలు గుర్తొచ్చాయి. జవాబు సరైనదై, ఊరి పేరు చిన్నబడిలో మొదలుపెడితే ఆయన మార్కు కోసేవారు కాదు. ఆ అక్షరం చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి, పక్కన సరైన అక్షరం రాసేవారు. జవాబే అర్థం కాకపోతే సున్న మార్కు వేసి ఊరుకోకుండా, పిల్లాణ్ణి బల్ల దగ్గరికి పిలిచి, "ఏం రాద్దామనుకున్నావురా?" అని అడిగేవారు. మూడు గదులూ ఆయన దగ్గర ఉన్నాయి. నేను ముందే నేర్చుకుని ఉండాల్సింది.

ఈ వేడుకకు వస్తున్న మన మాస్టార్లకూ, టీచర్లకూ నమస్కారాలు. స్క్రిప్టులు రాసే ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒకటే కోరిక. సోమవారం ఆఫీసుకు వెళ్ళాక, మీరు రాసిన వాటిలో ఒక దానికి అనుకోని జవాబు ఒకటి ఇచ్చి చూడండి. అది ఏమీ మాట్లాడకపోతే, ఆ రోజే కూర్చుని దానికి మాట నేర్పండి.